పద్నాలుగు చెరువులకు ఒకటే వాక్యం

కొత్తగూడ,
21 జూన్ 1998, ఆదివారం

జయత్తా,

చెరువు కట్ట కింద నేల తడిగా ఉంటే ప్రమాదమా, కాదా, నాకు అదొక్కటే తెలియాలి. నిన్న ఇంతవరకు రాసేసరికి అమ్మ బట్టలు మడతపెట్టడానికి గదిలోకి వచ్చింది. ఆ కాగితం చింపేశాను. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను. ఇంగ్లీషులో రాస్తే జవాబివ్వనని వేసవి సెలవుల్లో అన్నావు కాబట్టి తెలుగులోనే రాస్తున్నా. నెమ్మదిగా వస్తోంది. నవ్వుకో, కానీ జవాబు మాత్రం తప్పకుండా రాయి.

స్కూల్లో మాకు ఒక ప్రాజెక్టు ఇచ్చారు, చిన్న చెరువుల గురించి. నువ్వు ధవళేశ్వరం ఆఫీసులో కట్టలవీ కాలవలవీ డ్రాయింగులు గీస్తావు కదా, నిన్నడిగితే తెలుస్తుందనుకున్నాను. నాన్నకి ఇప్పుడు అస్సలు టైము లేదు.

మా స్కూలు బస్సు గోపన్‌పల్లి దాటాక జిల్లెడకుంట కట్ట పక్కనుంచి వెళ్తుంది. పేరుకు కుంటే గానీ చాలా నీళ్లుంటాయి. మొన్న బుధవారం సరిగ్గా అక్కడే టైరు పంక్చరైంది. అందరం దిగాం. కట్టకి నీళ్లున్న వైపు కాదు, రెండో వైపు, కింద తూము పక్కన నేలలోంచి నీళ్లు ఉబికి వస్తున్నాయి. నా బొటనవేలంత లావు ధార. అక్కడ ఆడవాళ్లు చిన్న గుంట తవ్వుకుని చెంబులతో ముంచి బిందెలు నింపుకుంటున్నారు. వాళ్లు మాదాపూర్‌లో ఆ గుండ్రటి బిల్డింగు దగ్గర పనిచేసే కూలీలట, పాలమూరు నుంచి వచ్చారట. బోరింగు లేదు కాబట్టి, ఈ నీళ్లున్నాయనే ఇక్కడ గుడిసెలు వేసుకున్నారట. టైరు మార్చేలోపు గుడిసెలు లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. అన్నీ కట్ట కిందనే.

ఆ నీళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి. అలా ఉండొచ్చా? కట్ట తెగేముందు ఏమైనా తెలుస్తుందా? తెలిస్తే ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది?

జవాబు మా ఇంటికి రాయొద్దు. మౌనిక వాళ్ల ఇంటి అడ్రసు కింద ఇస్తున్నా. నా క్లాస్‌మేటే, రెండు వీధుల అవతల ఉంటారు. ఎందుకని అడక్కు.

రసజ్ఞ


ధవళేశ్వరం,
27 జూన్ 1998

రసూ,

నీ తెలుగుకి నవ్వలేదు. నా ఇంగ్లీషు చూస్తే నువ్వే నవ్వుతావు. కానీ ఇంట్లో ఇరిగేషన్ ఇంజనీరుని పెట్టుకుని, మూడు వందల మైళ్ల అవతలున్న ట్రేసరుకి ఉత్తరం రాసే పిల్లని నిన్నే చూశాను. సరే, అడిగావు కాబట్టి చెప్తాను.

మట్టి కట్ట అన్నాక కొంచెమైనా కారుతుంది. అస్సలు కారడం లేదని ఎవరైనా కాగితం మీద రాశారంటే ఆ కట్టని ఎవరూ చూడలేదని అర్థం. మా సెక్షన్‌లో పాత డ్రాఫ్ట్స్‌మన్ సుబ్రహ్మణ్యం గారు కొత్తవాళ్లకి మొదటిరోజే ఈ మాట చెప్పేవారు. కాబట్టి తడి చూసి భయపడక్కర్లేదు. రంగు చూడాలి. తేటగా వస్తే ఆ నీళ్లు తమ దారిన తాము వస్తున్నాయి. బురదగా వస్తే కట్ట మట్టిని మోసుకొస్తున్నాయి. అంటే లోపల సందు పడింది. ఆ సందు కింది నుంచి మొదలై నీళ్ల వైపుకి పెరుగుతూ పోతుంది. పైన కట్ట మీద నడిచేవాడికి ఏమీ కనపడదు. ఎన్ని రోజులని అడిగావు. ఎవరూ చెప్పలేరు. ఏళ్లు పట్టొచ్చు. చివరికి వచ్చాక గంటల్లో అయిపోవచ్చు.

కంటితో చూసి ఎర్రగా ఉందనుకుంటే చాలదు. ఒక గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి, కదపకుండా ఒక రోజు ఉంచు. అడుగున ఎంత మట్టి దిగిందో పెన్నుతో గీత పెట్టు. వారం తర్వాత మళ్లీ అదే సీసాతో చూడు. రెండో గీత పైకి వెళ్తే ఇక ప్రాజెక్టు గురించి ఆలోచించకు, పెద్దవాళ్లకి చెప్పు. ఒక్కదానివే వెళ్లకు. ఆ ఊట దగ్గర నిలబడకు, నేల మెత్తగా ఉంటుంది.

మౌనిక ఇంటికి ఎందుకు రాయమన్నావో ఈ ఉత్తరంలో అడగను.

అత్త


కొత్తగూడ,
12 జులై 1998

జయత్తా,

నీ ఉత్తరం అనసూయమ్మ ఆంటీ చేతిలో పడింది. మౌనిక వాళ్లమ్మ. కడప వాళ్లు. నా చేతికి ఇస్తూ, "ఎవరు పాపా, ఇంత బరువు జాబు రాసినాడు? పెండ్లి ముహూర్తం గిట్టా పెట్టినాడా?" అన్నారు. మౌనిక పడీ పడీ నవ్వింది. మా అత్త అంటే నమ్మలేదు. ఈసారి కవరు వెనక నీ పేరూ ఆఫీసు పేరూ పెద్దగా రాయి.

రెండు సార్లు వెళ్లాను. ఒక్కదాన్నే కాదు, మౌనికతో. స్కూలు అయ్యాక బస్సు ఎక్కకుండా నడిచాం, ట్యూషన్ ఉందని ఇళ్లల్లో చెప్పాం. హార్లిక్స్ సీసా తీసుకెళ్లాను. జులై 3న పట్టిన నీళ్లలో అరంగుళం కంటే తక్కువ మట్టి దిగింది. 10న పట్టినవి చూస్తే అంగుళం పైనే. మధ్యలో రెండు రోజులు పెద్ద వాన కురిసింది. సీసా నా బట్టల బీరువాలో ఉంది.

రెండోసారి వెళ్లినప్పుడు కొమురమ్మ అనే ఆవిడ కనిపించింది. ఆ కుంటకి నీరటి. వాళ్లాయన తూము తెరిచి, వంతుల ప్రకారం పొలాలకి నీళ్లు వదిలేవాడట. పంట రాగానే రైతులు గింజలు కొలిచి ఇచ్చేవాళ్లట. ఆయన పోయాక ఆ పని ఈవిడే చూసింది. ఇప్పుడు కింద పొలాలన్నీ ప్లాట్లకి అమ్మేశారు, నీళ్లు అడిగేవాళ్లు లేరు. మూడేళ్లుగా తూము తెరవలేదు. తెరవాలన్నా చెక్క బిగుసుకుపోయి కదలదట. ఆవిడ మాటలు మర్చిపోకుండా ఇంటికొచ్చి రాసుకున్నాను.

"పొలాలున్నప్పుడు ఈ పాటికి కుంట సగమైతుండె బిడ్డా. ఇప్పుడు తాగేటోడు లేడు, పారిచ్చేటోడు లేడు. కడుపు నిండ నీళ్లు వెట్టుకొని కూసుంది. ఇగ కట్ట ఎంతని మోస్తది?"

ఊట సంగతి అడిగితే, కిందటేడు కొబ్బరి నీళ్ల లెక్క వచ్చేవని, ఇప్పుడు చాయ్ లెక్క వస్తున్నాయని చెప్పింది. గుడిసెల వాళ్లు బిందెల్లో తేరబెట్టుకుని తాగుతున్నారు. ఇంజనీరు గారికి చెప్పారా అని అడిగాను. సారు కట్టెక్కి ఎన్ని దినాలైందో తనకే యాదికి లేదంది.

నేనెవరి అమ్మాయినో ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ప్రాజెక్టుకి ఇది చాలనుకుంటా. కానీ కట్ట తెగితే ఎవరిది తప్పవుతుంది? కాగితం మీద బాగుందని రాసి ఉంటే, అది రాసినవాళ్లదా, సంతకం పెట్టినవాళ్లదా?

రసజ్ఞ


ధవళేశ్వరం,
15 జులై 1998

రసజ్ఞా,

ఇది ప్రాజెక్టు కాదు. నాతో ఇంకోసారి ఆ మాట అనకు.

గోపన్‌పల్లి చుట్టుపక్కల చెరువులు మీ నాన్న సెక్షన్‌లోవే. నాకు తెలుసు. అక్కడికి బదిలీ అయినప్పుడు చెరువుల లిస్టు నాకు చదివి వినిపించాడు. కట్ట సంగతి అడుగుతున్న పిల్ల చివర్లో సంతకం సంగతి ఎందుకు అడుగుతుంది? జరిగిందేమిటో ఒక్కటి కూడా దాచకుండా రాయి. వీలైతే ఎస్‌టీడీ బూత్ నుంచి మా ఆఫీసుకి ఫోన్ చెయ్యి, నెంబరు కవరు వెనక ఉంది.

వారంలో అరంగుళం నుంచి అంగుళానికి రావడం మంచిది కాదు. తూము గోడకీ మట్టికీ మధ్య సందు పడినట్టుంది. పాత తూములన్నిటికీ వచ్చే జబ్బే అది. ఈ ఉత్తరం అందిన రోజే నాన్నకి చెప్పు. చెప్పకుండా నాకు జవాబు రాయకు.

అత్త


కొత్తగూడ,
19 జులై 1998

అత్తా,

చెప్పాను. నీ ఉత్తరం నిన్న అందింది, నిన్న రాత్రి అన్నాల దగ్గరే చెప్పాను. జిల్లెడకుంట కట్ట కింద బురద నీళ్లు వస్తున్నాయన్నాను. నాన్న తినడం ఆపి ఎవరు చెప్పారని అడిగారు. బస్సులోంచి చూశానన్నాను. "బస్సులోంచి చూస్తే అన్నీ అలాగే కనిపిస్తాయి" అన్నారు. చూస్తాలే అన్నారు. అంతే. మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు. సీసా సంగతి, కొమురమ్మ సంగతి చెప్పలేకపోయాను. ఫోన్ చెయ్యలేను. ఎస్‌టీడీ బూత్ నడిపే రంగనాథ్ అంకుల్ నాన్నకి బాగా తెలుసు.

ఇప్పుడు రెండోది చెప్తున్నాను. ఇది మౌనికకి కూడా తెలియదు.

నాన్న ఆఫీసు రిపోర్టులు నేనే రాస్తాను. ఎనిమిదో క్లాసు నుంచి. ఆయన ఇంగ్లీషు మీద పై ఆఫీసరు ఎవరో మీటింగులో జోక్ వేశారట. అప్పట్నుంచి నాన్న చెప్తారు, నేను ఫెయిర్ కాపీ రాస్తాను. నా చేతిరాత బాగుంటుందని ఆఫీసులో అందరూ మెచ్చుకుంటారట. వానలకి ముందు ప్రతి చెరువు కట్టా ఎక్కి చూసి రిపోర్టు పంపాలి. ఈ మే నెలలో నాన్నని కొత్త రోడ్ల సర్వే డ్యూటీకి వేశారు. జీపు కూడా ఇవ్వలేదు. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేవారు. కిందటేడు రిపోర్టుల కట్ట నా చేతికిచ్చి, తేదీలు మార్చి రాసెయ్యమ్మా అన్నారు.

పద్నాలుగు చెరువులు. అన్నిటికీ ఒకటే వాక్యం. కట్ట బాగుంది, ఎక్కడా నీరు కారడం లేదు. టీవీ చూస్తూ రాశాను అత్తా. ఐదోదానికి వచ్చేసరికి కాగితం వైపు చూడటం కూడా మానేశాను. జిల్లెడకుంట తొమ్మిదో నెంబరు.

ఇప్పుడు వాన పడితే నిద్ర రావడం లేదు. అది తెగితే పోలీసులు ఆ కాగితం తీస్తారు. నాన్నని తీసుకెళ్తారు. ఆ రాత నాది. గుడిసెల్లో ఒక పాప ఉంది, నడక కూడా సరిగ్గా రాదు, మేం వెళ్తే సీసా పట్టుకుంటానని ఏడుస్తుంది. దాని పేరు అడగలేదు. అడగాలంటే భయం వేసింది.

నాన్న చెడ్డవాడు కాదు. నీకు తెలుసు కదా.

రసజ్ఞ


ధవళేశ్వరం,
23 జులై 1998

అమ్మలూ,

నాకు తెలుసు. నీకు తెలియనిది కూడా ఒకటి తెలుసు. అన్నయ్య ఎవరికీ చెప్పొద్దన్నాడు. తొమ్మిదేళ్లు చెప్పలేదు.

1989లో మెట్ట ప్రాంతంలో ఒక చెరువుకి ఇలాగే బురద నీళ్లు పడ్డాయి. అప్పుడు నువ్వు ఆరేళ్ల పిల్లవి. మీ నాన్న కట్ట ఎక్కి, చూసి, కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాశాడు. పైనుంచి ఏమొచ్చిందో తెలుసా? చెరువుకి బాగుచేత కాదు, మీ నాన్నకి మెమో. కిందటి రిపోర్టులో ఇది ఎందుకు లేదు, ఇన్నాళ్లు నువ్వేం చేస్తున్నావు అని. కిందటి రిపోర్టు ఆయన రాసింది కూడా కాదు, ముందున్నతను రాసింది. అయినా రెండు ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి. నలుగురి ముందు నిలబెట్టి తిట్టారు. ఇంటికొచ్చి నా గదిలో కూర్చుని ఏడ్చాడు. మీ అమ్మకి బదిలీ గొడవ అని చెప్పాడు. ఆ తర్వాత ఏ చెరువుకీ ఆయన నీరు కారుతోందని రాయలేదు.

తప్పుని వెనకేసుకు రావడానికి ఇది చెప్పడం లేదు. బస్సులోంచి చూస్తే అలాగే కనిపిస్తుందన్నాడు చూడు, ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నీకు తెలియాలని. సోమవారం నేనే అన్నయ్యకి ఫోన్ చేశాను. కట్ట గురించి అడగాలనే చేశాను. ఆవకాయ సరిపోయిందా, వదినకి మోకాళ్లు ఎలా ఉన్నాయి అని అడిగి పెట్టేశాను. నా ధైర్యం కూడా అంతే.

జులై నెలాఖరుకి తొలి వానల తర్వాతి రిపోర్టు వెళ్తుంది. ఆయన చేత అందులో రాయించు. మూడు పనులు వెంటనే జరగాలి. గుడిసెలు ఖాళీ చేయించాలి. తూము కదలకపోతే, నిండాక నీళ్లు పొర్లిపోయే మత్తడి రాళ్లు రెండడుగులు తీసి అయినా నీటిమట్టం తగ్గించాలి. మూడోది ముఖ్యం. ఆ ఊటని బంకమట్టితో మూయకూడదు. మూస్తే ఆగినట్టే ఉంటుంది, నీళ్లు ఇంకోచోట పగలగొట్టుకుని వస్తాయి. ముందు ఇసక, దాని మీద చిన్న కంకర, దాని మీద పెద్ద రాళ్లు వెయ్యాలి. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు.

ఇది చదివి చింపెయ్యి. మెమో సంగతి నీకు తెలుసని ఆయనకి తెలియకూడదు.

అత్త


కొత్తగూడ,
2 ఆగస్టు 1998

అత్తా,

చింపలేదు. రెండు సార్లు చింపబోయాను.

బుధవారం సాయంత్రం నాన్న మే నెల రిపోర్టుల కట్ట తెచ్చి టేబుల్ మీద పెట్టారు. తేదీలు మార్చమన్నారు. నేను జిల్లెడకుంట అన్నాను. ఆయన వినిపించుకోలేదు. ఆయన మొహం చూస్తే నువ్వు రాసిందంతా గుర్తొచ్చింది. గట్టిగా అడగలేకపోయాను. ఇంతకు ముందైతే అడిగేదాన్నేమో.

పదమూడు కాగితాలు ఎప్పట్లాగే రాశాను. తొమ్మిదో నెంబరు మాత్రం మార్చాను. తూము పక్కన బురద నీరు వస్తోంది, రోజురోజుకీ మట్టి పెరుగుతోంది, కింద ముప్పై ఎనిమిది గుడిసెలున్నాయి, నీటిమట్టం వెంటనే తగ్గించాలి. నువ్వు చెప్పిన ఇసక, కంకర, రాళ్లు కూడా వరసగా రాశాను. రిపోర్టుల కట్టలో ఎనిమిదికీ పదికీ మధ్య పెట్టాను.

నాన్న కాఫీ తాగుతూ సంతకాలు పెట్టారు. ఆయన కాగితం మొత్తం చూడరు, కింది మూల ఎత్తి సంతకం చేస్తారు. తొమ్మిదోది వచ్చినప్పుడు నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన పదోదానికి వెళ్లిపోయారు. శుక్రవారం రిపోర్టులు ఆఫీసుకి వెళ్లాయి.

గుడిసెల వాళ్ల కోసం చేశాను. కానీ నాన్నని మోసం చేశాను కదా? మూడు రోజులుగా ఆయన నన్ను పిలిస్తే స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నాను.

రసజ్ఞ


ధవళేశ్వరం,
5 ఆగస్టు 1998

రసజ్ఞా,

అవును, మోసమే. మంచి పని కోసం చేసినా పేరు మారదు. అందులో సగం నాది. ఏం రాయాలో నేనే వరసగా చెప్పాను. రాయించు అన్నాను గానీ, ఎలా రాయిస్తావని అడగలేదు.

ఆ కాగితం ఎవరో ఒకరు చదువుతారు. చదివినవాళ్లు మీ నాన్న ముందుకొస్తారు. ఆయన ఆ సంగతి వాళ్ల నోట వినకూడదు. ఇవాళే చెప్పు. తిడితే పడు. కొడితే కూడా పడు, ఆయన కొట్టడు.

అత్త


కొత్తగూడ,
16 ఆగస్టు 1998, ఆదివారం పొద్దున

జయత్తా,

చెప్పలేకపోయాను. నీ ఉత్తరం కిందటి శనివారం అందింది. ఆదివారమంతా నాన్న వెనకే తిరిగాను. ఆయన స్కూటర్ తుడుస్తుంటే బకెట్టు అందించాను. చెప్పలేదు.

సోమవారం పొద్దున ఏడింటికి ఇంటి ముందు జీపు ఆగింది. నాన్న పై ఆఫీసరు ఆంజనేయులు గారు. నాన్న సగం గడ్డం గీసుకుని ఉన్నారు. నేను కర్టెన్ వెనక నిలబడ్డాను. ఆయన కాగితం చూపించి, ఇంత జరుగుతుంటే ఫోన్ చెయ్యకుండా టపాలో పంపిస్తావేమిటయ్యా అని కేకలేశారు. నాన్న కాగితం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. అంత నెమ్మదిగా ఆయన ఏదీ చదవగా నేను చూడలేదు. ఇది నువ్వు రాసిందేనా అని ఆఫీసరు అడిగారు.

"సంతకం నాదేనండి. పదండి" అన్నారు నాన్న.

తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఉన్న బట్టలతోనే జీపెక్కారు. నా వైపు చూడలేదు.

ఆ తర్వాత మూడు రోజులు పొద్దస్తమానం కట్ట మీదే ఉన్నారు. గుడిసెల వాళ్లని గోపన్‌పల్లి బడి వరండాలోకి మార్చారు. మత్తడి రాళ్లు తీసేసి నీళ్లు పాత వాగులోకి వదిలారు. ఇసక ఎక్కడా దొరక్కపోతే, కూలీలే వాళ్ల మేస్త్రీని అడిగి బిల్డింగు దగ్గర్నించి మూడు లారీలు తెప్పించారు. బస్తాలు మోసింది కూడా వాళ్లే. గురువారం బస్సులోంచి కొమురమ్మని చూసి దిగిపోయాను. తూము పక్కన తవ్వితే సందు బయటపడిందట, నాన్న బోర్లా పడుకుని చెయ్యి పెడితే భుజం దాకా పోయిందట.

"మీ సారు చెయ్యి బయిటికి తీసిండు బిడ్డా. గుడిసెల దిక్కు చూసుకుంట గట్లనే కూసున్నడు" అంది. నేనెవరి అమ్మాయినో ఆవిడకి ఇప్పుడు తెలుసు. నాన్నే చెప్పారట.

ఇప్పుడు నీళ్లు నాలుగడుగులు తగ్గాయి. ఊట ఇంకా వస్తోంది, కానీ తేటగా.

నాన్న నాతో మాట్లాడింది ఒక్కసారే. మంగళవారం పొద్దున, చెప్పులు తొడుక్కుంటూ, ఎప్పుడు చూశావు అని అడిగారు. జూన్ పదిహేడు అన్నాను. "నాకు చెప్పావు కూడా" అన్నారు. వెళ్లిపోయారు. తిడితే బాగుండేది.

శుక్రవారం మెమో వచ్చింది. నువ్వు చెప్పినట్టే. మే నెల రిపోర్టులో ఇది ఎందుకు లేదు, వారంలో జవాబివ్వమని. అమ్మ, సందు ఈ వానలకే కొత్తగా పడిందని రాస్తే సరిపోతుంది కదండీ అంది. అలా రాస్తే ఎవరూ కాదనలేరు కూడా. నాన్న నన్ను పిలుస్తారని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పిలవలేదు. నిన్న ఆయనే టేబుల్ దగ్గర కూర్చుని రెండు గంటలు రాశారు. కవరులో పెట్టేముందు అమ్మకి చదివి వినిపించారు. మే నెలలో నేను ఆ కట్ట ఎక్కలేదు, పాత రిపోర్టుకి తేదీ మార్చి పంపాను అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. అమ్మ ఏడ్చింది, ఉద్యోగం పోతే ఈ ఊళ్లో ఎలా బతుకుతామని. పోదులే, ఇంక్రిమెంట్లు పోతాయేమో అన్నారు నాన్న. అంతకంటే ఎక్కువే పోవచ్చని ఆయన గొంతు వింటే తెలుస్తోంది.

అత్తా, నాకు ఇంకా భయం తగ్గలేదు. జిల్లెడకుంట ఒక్కటే నేను చూశాను, అదీ టైరు పంక్చరైంది కాబట్టి. మిగతా పదమూడింటికీ మే నెలలో నేనే రాశాను, మొన్న జులైలో మళ్లీ నేనే రాశాను. వాటి కింద ఎన్ని గుడిసెలున్నాయో, ఎవరు నీళ్లు తేరబెట్టుకుని తాగుతున్నారో నాన్నకీ తెలియదు, నాకూ తెలియదు. ఆ మాట నాన్నతో అందామని నిన్నటి నుంచి

నాన్న తలుపు కొడుతున్నారు. కాన్వాసు బూట్లు వేసుకుని రమ్మంటున్నారు, స్కూటర్ బయటికి తీశారట. సాయంత్రం లోపు మూడైనా చూడొచ్చట. పదమూడింట్లో ముందు దేనికి వెళ్దామని తలుపు అవతల నుంచే నన్ను అడుగుతున్నారు. నీ ఉత్తరాలు, ఇదీ పరుపు కింద పెట్టేస్తున్నా.